ఆ రాయి నిండా ఓడినవాళ్లే!

హన్మకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లినవాళ్లంతా నంది దగ్గర ఆగుతారు. స్తంభాల నునుపు చూసి ముచ్చటపడతారు. నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. అదే ఆవరణలో ఓ శాసన స్తంభం ఉంది. దాని దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆగితే మాత్రం... ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి యుద్ధ వార్తలు చదవొచ్చు!

శక సంవత్సరం 1084, అంటే క్రీ.శ. 1163లో వేయించిన శాసనమది. వేయించింది కాకతీయ రుద్రదేవుడు. సంస్కృత శ్లోకాలు రాసింది అచింతేంద్రుడనే కవి. గుడి కట్టిన సంగతి చెప్పడానికి వేయించిన రాయే అయినా, అందులో సగం కథ ఇరుగు పొరుగు రాజులది. ఒకరు పారిపోయారు, ఒకరు ఊరు పోగొట్టుకున్నారు, ఒకరు భయంతో ప్రాణాలే వదిలారు!

ఎవరి కోట వారిదే

అప్పటికి తెలంగాణ ఒక్క రాజ్యం కాదు. జగిత్యాల దగ్గరి పొలాస అప్పుడు పొలవాస. అక్కడ మేడరాజు వంశం. కరీంనగర్ పక్కనున్న నగునూరులో దొమ్మరాజు. నల్గొండను ఆనుకున్న పానగల్లు కేంద్రంగా కందూరు చోడులు. మధ్యలో అనుమకొండలో కాకతీయులు. అందరూ కల్యాణి చాళుక్యులకు సామంతులే. అందరూ సమానమే అన్నట్టుండేది.

చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడు 1126లో చనిపోయాడు. తర్వాత ఆ సింహాసనం బలహీనపడింది. చివరికి కలచురి బిజ్జలుడు కల్యాణిని ఆక్రమించాడు. పైనున్న పెద్దదిక్కు పోయేసరికి కిందివాళ్ల మధ్య పోరు మొదలైంది.

సరిగ్గా ఇలాంటి కథే గ్రీకులదీ. ఏథెన్స్, స్పార్టా క్రీ.పూ. 431 నుంచి 404 దాకా కొట్టుకున్నాయి. గెలిచిన స్పార్టాను 371లో థీబ్స్ పడగొట్టింది. వీళ్లిలా అలసిపోతుంటే ఉత్తరాన మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ బలం పెంచుకున్నాడు. ‘జాగ్రత్త’ అంటూ ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ గొంతు చించుకున్నాడు. ఏథెన్స్, థీబ్స్ చేతులు కలిపేసరికి ఆలస్యమైంది. క్రీ.పూ. 338లో కైరోనియా దగ్గర రెండూ ఓడిపోయాయి. స్పార్టా ఆ యుద్ధానికి రానే లేదు.

తెలంగాణలో మాసిడోనియా... అనుమకొండే!

రాయి చెప్పే కథ

ముందు రుద్రదేవుడి తండ్రి రెండో ప్రోలరాజు సంగతులుంటాయి. ఏనుగు సవారీలో దిట్ట అయిన చాళుక్య తైలపుణ్ణి పట్టుకున్నాడట. ఏమీ చేయకుండా వదిలేశాడట. ఎందుకూ? పాత ప్రభువు మీద భక్తి! మంత్రకూట పాలకుడు గుండ మీద మాత్రం ఆ జాలి చూపలేదు. తల గొరిగించి, రొమ్ము మీద వరాహ ముద్ర వేయించాడని రాశారు. అనుమకొండను ముట్టడించిన జగద్దేవుడికి ఒట్టి చేతులే మిగిలాయట.

తర్వాత రుద్రదేవుడి వంతు. దొమ్మరాజు ఓడిపోయాడు. మైలిగిదేవుడు, మేడరాజు ఓడిపోయారు. పొలవాస చేజిక్కింది. తైలపుడికి రుద్రదేవుడంటే ఎంత భయమో... అతిసార పట్టుకుని పోయాడట! కందూరు వైపు భీముడు ఎదురుతిరిగితే అతని వర్ధమాన నగరం కాలిపోయింది. భీముడు కుటుంబంతో అడవిపాలయ్యాడు.

గెలిచినవాడి కవి రాసిన మాటలివి. అతిసార మాటని పూర్తిగా నమ్మాల్సిన పనిలేదు. ఒకటి మాత్రం తెలుస్తుంది. యుద్ధాలన్నీ విడివిడిగానే కనిపిస్తాయి. ఒకరి తర్వాత ఒకరుగానే ఓడిపోయారు.

ఒకప్పుడు కలిసి ఇచ్చిన దానం

ఇక్కణ్నుంచి కాస్త దూరంలోనే పద్మాక్షి గుట్ట ఉంది. అక్కడ 1117 నాటి మరో శాసనం. ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ గుట్ట మీద జైన బసది కట్టించి భూమి ఇచ్చింది. అదే బసదికి ఉగ్రవాడి మేడరాజు కూడా భూమి ఇచ్చాడు. ఆయన్ని పొలవాస వంశం వాడిగా చరిత్రకారులు గుర్తిస్తారు. అంటే ఒకే గుడికి ఇరుగు పొరుగు చేతులు కలిపారు. నలభై ఆరేళ్లు తిరిగేసరికి అదే ఊళ్లో ఇంకో రాయి మీద మేడరాజు పేరు ఓడినవాళ్ల జాబితాలోకెక్కింది!

బందీ నేర్చిన పాఠం

ఫిలిప్ కుర్రతనంలో థీబ్స్‌లో బందీగా ఉన్నాడు. మన గణపతిదేవుడూ అంతే. దేవగిరి యాదవులతో యుద్ధంలో తండ్రి మహాదేవుడు చనిపోగా శత్రువు చేతికి చిక్కాడు. రాజు లేని రాజ్యాన్ని సేనాని రేచర్ల రుద్రుడు నిలబెట్టాడు. 1213లో రామప్ప గుడి కట్టించిందీ ఆయనే.

విడుదలై 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడు కత్తితో పాటు వియ్యాన్నీ నమ్ముకున్నాడు. దివిసీమ మీద గెలిచాక అక్కడి జాయప చెల్లెళ్లు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. జాయపకు గజసైన్యం అప్పగించాడు. ఆ జాయపే ‘నృత్తరత్నావళి’ రాశాడు. గణపతిదేవుడు ఒక కూతురు గణపాంబను ధరణికోట రాజు బేతడికిచ్చాడు. మరో కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికిచ్చాడు. ఏడుగురిని పెళ్లాడిన ఫిలిప్ రాజనీతీ ఇదే. ఓడించినవాణ్ని వదిలేస్తే మళ్లీ శత్రువే. వియ్యమందితే సేనాని!

మళ్లీ మొదటికే...

ఫిలిప్ కొడుకు అలెగ్జాండర్ చనిపోగానే ఆయన సేనానులు సామ్రాజ్యాన్ని పంచుకున్నారు. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడిపోయింది. తర్వాత ముసునూరి నాయకులు, రేచర్ల వెలమలు, రెడ్డి రాజులు... తెలుగు నేల మళ్లీ ముక్కలే.

ఒక్క తేడా మాత్రం ఉంది. ఓడిపోయిన ఏథెన్స్ గోడు డెమోస్తనీస్ ప్రసంగాల్లో మిగిలింది. ఆ రోజు తన ఊరు తగలబడుతుంటే భీముడు ఏమనుకున్నాడో చెప్పే రాయి లేదు. దొమ్మరాజు వైపు కథ చెప్పిన కవీ లేడు. నగునూరులో శిథిల ఆలయాలున్నాయి. పొలాసలో పౌలస్త్యేశ్వరుడి గుడి ఉంది. పానగల్లులో పచ్చల సోమేశ్వరుడున్నాడు. ఓడినవాళ్లూ శిల్పులను పోషించారనీ, గుళ్లు కట్టారనీ ఇవే చెప్పాలి.

ఈసారి వేయిస్తంభాల గుడికెళ్తే నంది తర్వాత ఆ శాసనం దగ్గరా ఓ నిమిషం ఆగండి. గెలిచినవాడి పేరు అందరికీ తెలుసు. మిగతా పేర్లు ఉన్నది ఆ రాతి మీదే.