పేటెంట్ పోటీని ఆపుతుందా, పెంచుతుందా? ఉక్కు చరిత్ర చెప్పే సమాధానం

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో తొలుత ఓపెన్ హార్త్ కొలుముల్లో ఉక్కు తయారయ్యేది. ఒక్కో విడతకు గంటల తరబడి సమయం పట్టేది. అదే పనిని సుమారు నలభై నిమిషాల్లో ముగించే ఎల్‌డీ పద్ధతి 1952లోనే ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ఉత్పత్తి దశకు చేరింది. సోవియట్ నమూనాపై వెలసిన భిలాయ్‌కి అది 1980వ దశకంలో, రెండో స్టీల్ మెల్టింగ్ షాపుతో వచ్చింది.

కరిగిన ఇనుముపైకి స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఊదే ఈ పద్ధతికి పేటెంట్లు ఉండేవి. అవి వివిధ దేశాల్లో పరిశ్రమను నడిపించిన తీరు నేటి సాంకేతిక రంగానికీ పాఠమే.

పేటెంట్ అంటే సమాజానికీ ఆవిష్కర్తకూ మధ్య ఒప్పందం. ఆవిష్కర్త తన పద్ధతిని దాచకుండా వివరించాలి. అందుకు ప్రతిగా, దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్ల వరకు అనుమతి లేకుండా ఇతరులు దానిని వాడకుండా అడ్డుకునే హక్కు లభిస్తుంది. గడువు తీరాక అది అందరి సొత్తు.

జపాన్‌లో నిప్పన్ కోకన్ సంస్థ 1956లో ఎల్‌డీ పద్ధతికి లైసెన్సు పొందింది. ప్రభుత్వ చొరవతో ఇతర ఉక్కు సంస్థలకూ తక్కువ రాయల్టీకే అది అందింది. కొత్త పద్ధతి అక్కడ వేగంగా విస్తరించింది. అమెరికాలో కథ వేరు. మెక్‌లౌత్ సంస్థ 1954లో ఈ పద్ధతిని చేపట్టగా, హక్కులు పొందిన కైజర్ సంస్థ కోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యంలో 1966లో ఆ పేటెంట్ చెల్లదని తీర్పు వెలువడింది. ఆవిష్కరణ ఒక్కటే, లైసెన్సు దొరికిన తీరులోనే తేడా.

ఈ సమతుల్యం కోసమే భారత పేటెంట్ చట్టం, 1970లో తప్పనిసరి లైసెన్సు నిబంధన ఉంది. పేటెంట్ మంజూరైన మూడేళ్ల తరువాత, ఆ వస్తువు ప్రజల అవసరాలకు చాలకపోయినా, అందుబాటు ధరకు దొరకకపోయినా, దేశంలో ఆ ఆవిష్కరణ ఆచరణలోకి రాకపోయినా ఇతరులు లైసెన్సు కోరవచ్చు. ఈ నిబంధన కింద తొలి లైసెన్సు 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు దక్కింది. బేయర్ సంస్థ క్యాన్సర్ ఔషధానికి నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలు కాగా, నాట్కో 8,800 రూపాయలకు మించి తీసుకోరాదని ఉత్తర్వు నిర్దేశించింది. బేయర్‌కు రాయల్టీ చెల్లించాలని కూడా ఆదేశించింది. హక్కు రద్దు కాలేదు; దాని అంచు మాత్రం స్పష్టమైంది.

భిలాయ్ ఐఐటీ విద్యార్థికైనా, కర్మాగారానికి విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు యజమానికైనా పేటెంట్ మార్గం తెరిచే ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము పెద్ద సంస్థలకు 8,000 రూపాయలు. వ్యక్తులకు, అంకుర సంస్థలకు, చిన్న పరిశ్రమలకు, విద్యాసంస్థలకు 1,600 రూపాయలే. ఛత్తీస్‌గఢ్ దరఖాస్తులు ముంబయి పేటెంట్ కార్యాలయ పరిధిలోకి వస్తాయి. అయితే ఒక జాగ్రత్త అవసరం. దరఖాస్తుకు ముందే ఆలోచనను బహిరంగంగా వెల్లడిస్తే కొత్తదనం పోయి, హక్కు దక్కకపోవచ్చు.