పేల్చకుండానే గెలిచాడు

1981 జూన్ 27. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, హెన్నికర్ దగ్గర ఓ అడవి. రంగు గుళ్లు పేల్చే పిస్తోళ్లు పట్టుకుని 12 మంది లోపలికి దిగారు. చెట్లమీద, పశువులమీద దూరం నుంచే గుర్తులు వేయడానికి తయారైన పిస్తోళ్లవి. ఒంటిమీద రంగు పడితే ఔట్. అడవిలో దాచిన జెండాల్ని రంగుకొకటి చొప్పున ఏరుకుని ముందుగా బయటపడినవాడే విజేత. ఆ రోజు గెలిచింది రిచీ వైట్ అనే అటవీ నిపుణుడు. ఆయన ఒక్క గుండూ పేల్చలేదు!

పెయింట్‌బాల్ ఆట పుట్టింది అలాగే. హైదరాబాద్ శివార్లలో ఆఫీసు కుర్రాళ్లు వారాంతాల్లో సరదాగా ఆడేదీ ఇదే. సుమారు 17 మిల్లీమీటర్ల జిలటిన్ గుండులో కడిగితే పోయే రంగు ఉంటుంది. మార్కర్ అనే తుపాకీ దాన్ని గాలి ఒత్తిడితో విసురుతుంది. వేగం సెకనుకు 300 అడుగులు దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. ఆటకు ముందు మార్కర్‌ను యంత్రంతో పరీక్షించి మరీ లోపలికి పంపుతారు.

పోటీ ఆటకు అడవి అక్కర్లేదు. చదునైన మైదానం, జట్టుకు ఐదుగురు, దాక్కోవడానికి గాలి నింపిన దిమ్మెలు చాలు. ఎవరికీ అన్యాయం జరగకుండా రెండు సగాల్లోనూ దిమ్మెల్ని ఒకేలా పేరుస్తారు. అవతలివాళ్ల గేటు దాకా చేరి బజర్ నొక్కితే పాయింటు.

సంక్రాంతికి కబడ్డీ పోటీలు చూస్తూ పెరిగిన పల్నాడు కుర్రాడికి ఇందులో సగం ఆట తెలిసినట్టే. ఎందరు మిగిలారన్నదాన్ని బట్టి ఎత్తుగడ మారడం రెండింటిలోనూ ఉంది. అయితే కబడ్డీలో మనవాడు పాయింటు తెస్తే ఔటైనవాడు మళ్లీ కోర్టులోకి వస్తాడు. ఇక్కడ ఆ పాయింటు తేలేదాకా రాడు. ఇద్దరు పోతే మైదానమంతా ముగ్గురే కాయాలి.

అందుకే మొదటి ఐదారు సెకన్లకు అంత విలువ. ఆట మొదలవగానే ముందువరస ఆటగాళ్లు పరుగందుకుంటారు. ఒకరు ‘స్నేక్’ అని పిలిచే, పొడవుగా, తక్కువ ఎత్తులో ఉండే దిమ్మె వైపు వెళ్తే, ఇంకొకరు ‘డొరిటో’ అనే ముక్కోణపు దిమ్మెల వైపు వెళ్తారు. వాళ్లు సురక్షితంగా చేరేలా చూడటం వెనకవాళ్ల పని. వీళ్లు మనిషిని చూసి కాల్చరు. రెండు దిమ్మెల మధ్య ఖాళీని ఎంచుకుని, అక్కడికి ఎవరూ రాకముందే వరసగా గుళ్లు వదులుతుంటారు. పరుగెత్తేవాడు తనంతట తానే వచ్చి వాటికి అడ్డం పడతాడు. ఇలా కాసే దారికి ‘లేన్’ అని పేరు. ఏ లేన్ ఎవరిదన్నది ఆటకు ముందే తేలిపోవాలి.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో మొదలయ్యే పల్నాటి వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు అయ్యాకే అసలు యుద్ధ ఘట్టమైన కల్లిపాడు వస్తుంది. పెయింట్‌బాల్ జట్ల క్యాలెండర్‌లోనూ అసలు పోరు ఆఖర్నే, ముందంతా సాధనే. అమెరికాలో పెద్ద టోర్నీలు నడిపే నేషనల్ ఎక్స్‌బాల్ లీగ్, మైదానం నమూనాను ముందుగానే విడుదల చేస్తుంది. శాన్‌డియాగో డైనాస్టీ లాంటి పేరున్న జట్లు అవే దిమ్మెల్ని అవే కొలతలతో పేర్చుకుని సాధన చేస్తాయి. పోటీ జరిగే చోటికి వెళ్లాక కూడా మైదానమంతా కలియదిరుగుతారు. ఒక్కో దిమ్మె వెనక మోకాళ్లమీద కూర్చుని, కుడి నుంచి ఏ సందు కనిపిస్తోంది, తల ఎత్తితే ఎవరికి దొరికిపోతాం అని చూసుకుంటారు. కుడిచేతి వాటం వాడు దిమ్మెకు ఎడమ పక్క నుంచి కాల్చాలంటే మార్కర్‌ను ఎడమచేతికి మార్చుకోవాలి. లేదంటే సగం ఛాతీ బయటపడుతుంది. అందుకే రెండు చేతుల వాటమూ అలవాటయ్యేదాకా సాధన సాగుతుంది.

గురి ఎంత ఉన్నా నోరు లేని జట్టు నిలబడదు. దిమ్మెలకు పేర్లు పెట్టుకుంటారు. స్నేక్‌లో పాకుతున్నవాడికి ఎదురుగా ఏముందో కనిపించదు. ఎవరు ఎక్కడున్నారో, ఎందరు పోయారో వెనకవాడు అరిచి చెబుతుండాలి. అవతల ఒకడు పోయాడని తెలిసిన క్షణంలోనే ముందుకు దూకాలి. మిగిలినవాళ్లు సర్దుకున్నాక ఆ అవకాశం ఉండదు.

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఐదుగురు కుర్రాళ్లు జట్టు కట్టాలనుకుంటే, మార్కర్ కొనకముందే చేయదగ్గ సాధన చాలా ఉంది. కాలేజీ గ్రౌండులో ఖాళీ డ్రమ్ములు, మిర్చి టిక్కీలు దిమ్మెల్లా పేర్చుకోవచ్చు. ఈల వేయగానే ఎవరు ఎంతలో ఏ దిమ్మె చేరుతున్నారో ఫోన్లో వీడియో తీసి చూసుకోవచ్చు. పేర్లు పెట్టి కేకలు వేయడం అప్పుడే అలవాటు చేసుకోవచ్చు. మార్కర్ చేతికొచ్చాక మాత్రం కళ్లను, ముఖాన్ని కప్పే మాస్కు లేకుండా మైదానంలో అడుగు పెట్టకూడదు. ఆట ఆగగానే గొట్టం మూతికి తొడుగు వేయాలి.

కబడ్డీ కోర్టులో తగిలిందా లేదా అని రిఫరీతో కాసేపు వాదించొచ్చు. ఇక్కడ రంగు పడ్డవాడు చెయ్యెత్తి బయటికి నడవాల్సిందే. గుట్టుగా తుడుచుకుని ఆడుతూ దొరికిపోతే అతనొక్కడితో పోదు. జట్టుకూ శిక్ష పడుతుంది.