ప్రజలే యజమానులైన జట్టు

బ్రిటన్‌లోని వేల్స్ దక్షిణభాగంలో మెర్థర్ టిడ్విల్ అనే పట్టణం ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో అది ఇనుప పరిశ్రమకు ప్రసిద్ధి. శ్రమజీవుల ఆ పట్టణానికి ఫుట్‌బాల్ ప్రియమైన క్రీడ అయింది.

అక్కడి మెర్థర్ టౌన్ జట్టు 1920లో ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించింది. కాని పరిశ్రమలు క్షీణించి, కార్మికులు ఉపాధి కోల్పోవడంతో జట్టు రాబడి సన్నగిల్లింది. 1930లో లీగులో స్థానం పోయింది. 1934లో జట్టే అంతరించింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో మెర్థర్ టిడ్విల్ పేరుతో కొత్త జట్టు అవతరించింది. అది 1987లో వెల్ష్ కప్పు గెలిచి, ఐరోపా స్థాయి పోటీకి అర్హత పొందింది. ఇటలీకి చెందిన అటలాంటా జట్టును సొంత మైదానమైన పెనడారెన్ పార్కులో 2-1 గోల్స్‌తో ఓడించింది. ఇటలీలో జరిగిన రెండవ ఆటలో 0-2తో ఓడి నిష్క్రమించింది. అయినా, ఆ పోటీలో సెమీఫైనల్ వరకు సాగిన జట్టును ఒకసారైనా ఓడించడం సామాన్యమైన విషయం కాదు.

కలిమిలేములు కావడికుండలు. అప్పుల భారంతో 2010లో ఈ జట్టు కూడా మూతపడింది. అప్పుడు అభిమానులే సభ్యులుగా చేరి, మెర్థర్ టౌన్ అనే పాత పేరుతో జట్టును పునరుద్ధరించారు. మూడు అంచెలు దిగువనుండి ఆట ప్రారంభించవలసి వచ్చినా వారు వెనుదీయలేదు. 2025లో ఆ జట్టు సదరన్ లీగులో తన విభాగపు విజేతగా నిలిచింది.

ధనం క్షీణించినప్పుడు సంస్థ కూలిపోవచ్చు. దానిని తమదిగా భావించే ప్రజలున్నచోట అది తిరిగి చిగురిస్తుంది.