ఏడాదికి ఒక్కరోజే... అప్పన్న నిజరూపం!

చోడవరం, దేవరాపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ‘అప్పలనాయుడూ’ అని ఓ కేకేయండి, నలుగురైనా వెనక్కి తిరుగుతారు. అప్పారావు, అప్పలనర్సమ్మ, సింహాచలం (ఈ పేరు ఆడవాళ్లకీ ఉంది, మగవాళ్లకీ ఉంది)... అన్నీ సింహాద్రి అప్పన్న పేర్లే. ఆవు కోడెదూడను ఈనితే ఆయనకే మొక్కుకునే రైతులూ ఉన్నారు. ఇంత చనువున్న దేవుడి అసలు రూపం మాత్రం ఏడాది పొడవునా ఎవరికీ కనిపించదు! కనిపించేదంతా గంధమే.

పుట్టలో కలిసిపోయిన స్వామిని పురూరవ చక్రవర్తి వెలికితీశాడనీ, తొలగించిన పుట్టమన్నుకు బదులు అంతే గంధం పూయాలని స్వామే ఆజ్ఞాపించాడనీ స్థలపురాణం. అందుకే వరాహ ముఖం, మనిషి దేహం, సింహం తోక ఉన్న ఆ మూర్తిని వైశాఖ శుద్ధ తదియనాడే చూడాలి.

దేవుణ్ని దాచి కొలిచే ఆచారం మనకొక్కరికే లేదు. జపాన్‌లో షింటో మతస్థుల పరమ పవిత్ర క్షేత్రం ఇసేలో సూర్యదేవత అమతెరాసుకు ప్రతీక అయిన అద్దం భక్తుల కంటపడదు. ఇరవై ఏళ్లకోసారి ఆ గుడిని కొత్తగా కడతారు. చివరిసారి 2013లో కట్టారు. అక్కడ గుడి మారుతుంది, ఇక్కడ గంధం మారుతుంది.

సింహాచలం శాసనాల్లో 11వ శతాబ్దం చివరి నాటి చోళ శాసనం ఉంది. ఇప్పుడున్న ఆలయం చాలావరకు 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల కాలంలో కట్టింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి ఆభరణాలు సమర్పించాడు.

చందనోత్సవానికి కొద్దిరోజుల ముందు నుంచే గుడిలో గంధం అరగదీత మొదలవుతుంది. ముందురోజు రాత్రి అర్చకులు వెండి బొరిగెలతో పాత గంధాన్ని ఒలుస్తారు. తొలి దర్శనం అనువంశిక ధర్మకర్తలైన విజయనగరం పూసపాటి వంశీయులది, ఆ తర్వాత భక్తులది. రాత్రి గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి, తొలివిడతగా మూడు మణుగుల గంధం పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మిగతా మూడు విడతలు. మొత్తం పన్నెండు మణుగులు, దాదాపు 500 కిలోలు!

ఒక్కరోజు దర్శనం కనుకే తొక్కిడీ ఎక్కువ. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున భారీ వర్షానికి కొత్తగా కట్టిన గోడ మూడువందల రూపాయల టికెట్ క్యూ మీద కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. వానాకాలానికి ముందే వచ్చే పండగ అని ధీమా పడితే చాలదు, ఈదురుగాలుల వానలు పడేదీ ఆ రోజుల్లోనే.

పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు మామూలు రోజుల్లో వెళ్తే కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కు చెప్పుకోవడానికీ తీరిక దొరుకుతుంది. దేవరాపల్లి నుంచి కె.కోటపాడు, పెందుర్తి మీదుగా వెళ్లొచ్చు. నడవగలిగే కుర్రాళ్లకైతే ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరి ప్రదక్షిణ ఉండనే ఉంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండచుట్టూ 32 కిలోమీటర్లు. చందనోత్సవానికి వెళ్లలేని వాళ్ల కోసం ఒలిచిన గంధాన్ని ప్రసాదంగా ఇస్తారు. వెళ్లొచ్చినవాళ్లు ఆ పొట్లాలు తెచ్చి ఇరుగుపొరుగుకు చిటికెడు చిటికెడు పంచుతారు.