కప్పీలో దాగిన మర

తిరుచానూరు అమ్మవారి దర్శనానికి నిత్యం వేలాది యాత్రికులు వస్తారు. వారికి ఇడ్లీ, దోసెలు సమకూర్చే దుకాణాలకు గ్రైండరు, పిండిమర లేనిదే రోజు గడవదు. ఇటువంటి యంత్రాలలో మోటారు ఇరుసు తిరిగితే చాలదు, దానికి తొడిగిన కప్పీ కూడా జారకుండా తిరగాలి. ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే చిన్న మరమేకే సెట్ స్క్రూ. మెకానిక్కులు దీనిని గ్రబ్ స్క్రూ అని కూడా అంటారు.

సాధారణమైన బోల్టు రెండు వస్తువులను తలకూ నట్టుకూ నడుమ బిగించి పట్టుకుంటుంది. సెట్ స్క్రూ పని వేరు. అది కప్పీ గోడలోని మరల గుండా లోపలికి దిగి, తన మొనతో ఇరుసును నొక్కుతుంది. ఆ ఒత్తిడివల్ల పుట్టే ఘర్షణే కప్పీని నిలుపుతుంది. కాబట్టి ఈ మరకు ప్రాణమంతా మొనలోనే ఉన్నది. గిన్నె అంచువంటి మొన ఇరుసులోనికి కొద్దిగా కరచుకొంటుంది. కదల్చనక్కరలేని చోట దీనినే ఎక్కువగా వాడతారు. తరచుగా సర్దవలసిన చోట చదునైన మొన మేలు, అది ఇరుసును అంతగా గాయపరచదు. శంకువు మొనకు ఇరుసుపై ముందుగా చిన్న గుంట తొలచాలి.

కరచుకొనే మొన ఇరుసుకంటే గట్టిగా ఉండాలి. అందుకే కాచి గట్టిపరచిన మిశ్రమ ఉక్కుతో వీటిని చేస్తారు. తడి తగిలే గ్రైండరు వంటి చోట తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు అనుకూలమే గాని, అది అంత గట్టిది కాదు. సున్నితమైన ఇరుసులకు ఇత్తడి లేదా నైలాను మొన కలవి దొరుకుతాయి.

పూర్వం ఈ మరలకు చతురస్రాకారపు తల ఉండి, కప్పీపైకి పొడుచుకొని వచ్చేది. వేగంగా తిరిగే ఇరుసుపై ఆ తల కంటికి ఆనదు. దగ్గరగా వంగిన కార్మికుని చొక్కా చేతినో, పంచె కొంగునో అది పట్టుకొంటే మనిషినే ఇరుసుకు చుట్టివేసేది. పాశ్చాత్య దేశాల కర్మాగారాలలో ఇలా ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 1910లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరవాసి విలియం అలెన్, షడ్భుజాకారపు గుంట గల తలలేని మరలను తయారుచేసే పద్ధతికి పేటెంటు పొందారు. ఆ మర కప్పీలోనే పూర్తిగా మునిగిపోతుంది. దానిని తిప్పే వంకర కడ్డీకి నేటికీ అలెన్ కీ అనే పేరు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 26వ సెక్షను, తిరిగే ఇరుసుపై ఉన్న ప్రతి సెట్ స్క్రూనూ లోపలికి ముంచాలని, లేదా కప్పి ఉంచాలని శాసించింది. అయితే విద్యుత్తు వాడే చోట పదిమంది పనివారైనా ఉంటే గాని సాధారణంగా ఆ చట్టం వర్తించేది కాదు. చిన్న పిండిమరల సంగతి యజమాని జాగ్రత్తకే మిగిలింది.

యంత్రపు అదురుకు ఈ మర క్రమంగా వదులవుతుంది. 90 డిగ్రీల కోణంలో రెండు మరలు బిగిస్తే పట్టు పెరుగుతుంది. ఎదురెదురుగా బిగిస్తే అంత ప్రయోజనం ఉండదు. మర ఊడిపోయినప్పుడు చేతికందిన పొడవాటి బోల్టును దిగగొట్టి పని గడుపుకొనేవారూ ఉన్నారు. అప్పుడు ఆ పాత తలే మళ్ళీ కప్పీపైకి వస్తుంది. పక్కనే చీరకొంగుతో నిలబడి పిండి పట్టించుకొనేవారికి అది కనిపించదు.