లడ్డూకి చక్కెర జబ్బు

ఈ వేసవంతా మా ఫ్రిజ్ తలుపు అరలో రెండు ఇన్సులిన్ సీసాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తెనాలి నుంచి వచ్చిన మా నాన్నది. రెండోది మా కుక్కది. కుక్క పేరు లడ్డూ. చిన్నప్పుడు గుండ్రంగా, పచ్చగా, సరిగ్గా బూందీ లడ్డూలా ఉండేదని ఆ పేరు పెట్టాం. ఎప్పటికైనా దానికి షుగరొస్తుందని అప్పుడు మాకేం తెలుసు!

మేముండేది కనాటాలో, ఒటావాకి పడమటి కొసన. ఇక్కడి ఆదివాసుల ఇరక్వోయన్ మాటల్లో కనాటా అంటే ఊరు, పల్లె అని అర్థమట. కెనడా అన్న పేరు కూడా ఆ మాటలోంచే వచ్చింది. పల్లె అన్నది పేరులోనే మిగిలింది. ఇప్పుడిక్కడ వీధికో సాఫ్ట్‌వేర్ కంపెనీ, వాటిల్లో మనవాళ్లు బోలెడుమంది.

పోయిన ఫిబ్రవరిలో లడ్డూ గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగడం మొదలెట్టింది. ఇంట్లో హీటరు గాలికి గొంతు ఎండిపోతోందేమో అనుకున్నాం. బయట మైనస్ ఇరవై ఉన్న అర్ధరాత్రి కూడా తలుపు గోకేది. తింటూనే చిక్కిపోయింది. డాక్టరమ్మ రక్తం, మూత్రం పరీక్ష చేసి చక్కెర జబ్బని తేల్చింది. మనుషుల్లో కొంతమందికి సరిపోయినట్టు కుక్కలకి మాత్రలు సరిపోవట. ఇక బతికినన్నాళ్లూ రోజుకి రెండు పూటలా, తిండి తిన్నాక, ఇన్సులిన్ సూది.

హెల్త్ కార్డు చూపిస్తే డాక్టరు పైసా అడగని చోట ఇన్నేళ్లుగా ఉండి, ఆ రోజు బిల్లు చూసి నాకు నోట మాట రాలేదు. జంతువులకి ఆ కార్డు లేదు. పైగా అడుగున 13 శాతం పన్ను. ఇప్పుడు బీమా తీసుకుందామంటే, ముందే ఉన్న జబ్బుకి మామూలుగా బీమా వర్తించదు. మాకైతే కటకటగానైనా గడిచింది. గడవనివాళ్లు ఏం చేస్తారో ఆ రోజే మొదటిసారి ఆలోచించాను. కొంతమంది మందు సగం సగం వేస్తారు. కొంతమంది మానేస్తారు. కొంతమంది కుక్కనే వదులుకుంటారు.

నేను కొత్తిమీర కట్టకి కూడా కొసరు అడిగి పుచ్చుకునే ఇంట్లో పుట్టినదాన్ని. కాబట్టి ఎక్కడ ఏం తగ్గుతుందా అని వెతకడం మొదలెట్టాను. క్లినిక్‌లో ఇచ్చిన సిరంజీలు జూన్ నెలలో అయిపోయాయి. దగ్గర్లో ఉన్న మందుల షాపులో చూస్తే డబ్బాకి పదిహేను డాలర్లు తక్కువ. అవీ ఇన్సులిన్ సిరంజీలే, సూది ఇంకా సన్నం కూడా. కుక్క కోసమని కౌంటరు దగ్గర చెప్పలేదు. ఇన్సులిన్ సిరంజీ అంటే ఇన్సులిన్ సిరంజీయేగా అనుకున్నాను.

నాలుగు రోజులు ఎప్పటిలాగే పది గీత దాకా మందు లాగి వేశాను. నాలుగో రోజుకి లడ్డూ మళ్లీ గిన్నెలకి గిన్నెలు ఖాళీ చేస్తోంది. హాల్లో తివాచీ మీద రెండుసార్లు పోసేసి, తప్పు చేసినదానిలా మూలకి వెళ్లి కూర్చుంది. నేను కసిరాను కూడా. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయిదో రోజు పొద్దున నాన్న కాఫీ గ్లాసుతో వంటింట్లోకి వచ్చారు. నేను సిరంజీ మూత తీసి గట్టు మీద పెట్టాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏవమ్మా, దీని మూత నారింజ రంగులో ఉందేమిటి?" అన్నారు.

"అయితే ఏమైంది నాన్నా?"

"మొన్నటిదాకా నువ్వు వేసినవి ఎర్రమూతవి. నావీ ఎర్రమూతవే. సీసా మీద ఎంతుందో చూడు."

సీసా మీద 40 అని ఉంది. సిరంజీ మీద 100 అని ఉంది.

సంగతి ఇదీ. ఇన్సులిన్‌ని యూనిట్లలో కొలుస్తారు. కెనడాలో మనుషులు మామూలుగా వాడే సీసాలో ఒక మిల్లీలీటరుకి 100 యూనిట్లుంటాయి. కుక్కలకీ పిల్లులకీ ఇచ్చే కానిన్సులిన్‌లో మిల్లీలీటరుకి 40. ఆ పందుల ఇన్సులిన్‌కీ కుక్క ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌కీ నిర్మాణంలో తేడా లేదు కనక అది దానికి సరిగ్గా సరిపోతుంది. ఇండియాలో మనుషుల సీసాలు కూడా ఇప్పటికీ చాలామటుకు 40వే. అందుకే తెనాలి నాన్న సిరంజీ, కనాటా కుక్క సిరంజీ ఒకటయ్యాయి. మామూలుగా 40 సిరంజీకి ఎర్రమూత, 100 సిరంజీకి నారింజ మూత. వాళ్ల వీధి షాపులో ఒకసారి నారింజ మూతవి ఇచ్చేస్తే నాన్నకి వారం రోజులు షుగరు దిగలేదట. అప్పట్నించీ మూత చూడందే సూది ముట్టుకోరు.

లెక్క చూడండి. 100 సిరంజీలో పది గీత అంటే పదో వంతు మిల్లీలీటరు. 40 సీసాలోంచి అంత లాగితే వచ్చేది నాలుగు యూనిట్లే. అంటే నాలుగు రోజులుగా లడ్డూకి సగం మందు కూడా పడలేదు. ఇదే తిరగబడి, 100 సీసాలోంచి 40 సిరంజీతో పది గీత దాకా లాగామనుకోండి, పాతిక యూనిట్లు వస్తాయి. రెండున్నర రెట్లు. చక్కెర పడిపోయి, తూలిపోయి, ఫిట్స్ వచ్చి, కొన్ని గంటల్లో కుక్క పోవచ్చు. నాన్న సీసా, దాని సీసా ఒకే అరలో పెట్టానని అప్పుడు గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి.

క్లినిక్‌కి ఫోన్ చేశాను. పోయిన మందుకి బదులుగా ఎక్కువ వేసేయొద్దని, వెంటనే తీసుకురమ్మని అన్నారు. మూత్రంలో కీటోన్లు లేవు. గండం గడిచింది. నేను మిగిల్చింది పదిహేను డాలర్లు. ఆ రోజు కట్టింది దానికి పదింతల పైనే.

"ఖర్చు తగ్గించుకోవాలంటే నన్నే అడగొచ్చుగా" అంది డాక్టరమ్మ. నిజమే, అడగలేదు. డబ్బు సంగతి ఎత్తితే మన ప్రేమ మీద అనుమానపడతారేమోనని మొహమాటం. ఆ రోజు ఆవిడా, తర్వాత షాపులో ఫార్మసిస్టూ చెప్పినవీ, నేను తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, ఒంటారియోలో మందు క్లినిక్‌లోనే కొనాలని లేదు. చీటీ రాసిమ్మని అడిగితే రాసివ్వాలి. అందుకు కొంత రుసుము ఉండొచ్చు, ముందే కనుక్కోండి. జంతువుని ఈమధ్య చూసి ఉంటేనే రాస్తారు కాబట్టి ఏడాది పరీక్ష ఎగ్గొడితే ఈ దారి మూసుకుపోతుంది.

రెండోది, మూర్ఛకి ఫీనోబార్బిటాల్, నొప్పికి గాబాపెంటిన్, థైరాయిడ్‌కి లెవోథైరాక్సిన్, పిల్లుల రక్తపోటుకి ఆమ్లోడిపిన్ లాంటివి మనుషులకీ ఉన్న మందులే. జెనరిక్ రకం ఉంటే మామూలు ఫార్మసీలో చవగ్గా వస్తాయి. మందు ఒకటే కానీ మోతాదు ఒకటి కాదు. ఉదాహరణకి, కుక్కకి ఇచ్చే లెవోథైరాక్సిన్ దాని బరువుని బట్టి చూస్తే మనిషికిచ్చేదానికంటే చాలా ఎక్కువ. అలాంటప్పుడు ఫార్మసీవాళ్లు అనుమానపడి మోతాదు తగ్గించకుండా డాక్టరుకే ఫోన్ చెయ్యమని చెప్పాలి. ద్రవరూపంలో ఉంటే జైలిటాల్ లేదని కూడా అడగాలి. మనకి అది తీపి కోసం వేసే సరుకు, కుక్కకి మాత్రం విషం. చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి కౌంటరు దగ్గర ముందు చెప్పాల్సిన మాట, "ఇది కుక్క కోసమండీ."

మూడోది, ఫార్మసీలు మందు ధర మీద డిస్పెన్సింగ్ ఫీజు వేస్తాయి. అది షాపుకో తీరు, అక్కడే బోర్డు మీద రాసి ఉంటుంది. ఉదాహరణకి పది డాలర్లు అనుకుందాం. నెలనెలా తెచ్చుకుంటే ఏడాదికి 120. మోతాదు కుదిరిన మందుని మూడు నెలలకోసారి రాయించుకుంటే 40. కాస్ట్‌కోలో మందుల విభాగానికి సభ్యత్వం కూడా అక్కర్లేదు. కానీ కొత్త మందుకి ఈ లెక్క పనికిరాదు. పడకపోతే మిగిలినదంతా దండగే. మొదట రెండు వారాలకే తీసుకోవాలి.

నాలుగోది, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చీటీ అడగని దుకాణం దగ్గరే ఆగిపోండి. ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్ జాబితాలో ఆ పేరుందో లేదో చూడండి. కెనడాలో అనుమతి ఉన్న మందు మీద, మనుషులదైనా జంతువులదైనా, డిన్ అని ఎనిమిదంకెల సంఖ్య ఉంటుంది. హెల్త్ కెనడా మందుల పట్టికలో ఆ సంఖ్య కొడితే మందు పేరు, తయారీదారు, బలం తెలుస్తాయి.

అయిదోది, బొత్తిగా గడవనివాళ్లకి ఒంటారియోలో ఫార్లీ ఫౌండేషన్ ఉంది. లిన్ జాన్‌స్టన్ బొమ్మల కథలో ఫార్లీ అని ఒక కుక్క ఉంటుంది, దాని పేరే ఈ సంస్థకి పెట్టారు. తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకి, ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లకి వైద్యం ఖర్చులో సాయం చేస్తుంది. దరఖాస్తు పెట్టాల్సింది పశువైద్యుడి ద్వారానే. ఇక్కడా ముందు నోరు విప్పి అడగాలి.

ఇక చెయ్యకూడనివి. మన తెలుగిళ్లల్లో ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల సంచీ ఒకటి ఉంటుంది. దాన్ని కుక్కకీ పిల్లికీ అందకుండా పెట్టండి. పిల్లికి డోలో 650 ఒక్క మాత్ర చాలు ప్రాణం తియ్యడానికి. పారాసిటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి దాదాపు లేదు. కాంబిఫ్లామ్‌లో ఉండే ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుళ్లు పెట్టి కిడ్నీలని పాడుచేస్తుంది. కుక్క వీపు మీద వేసే కొన్ని పిడుదుల మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. పెద్ద కుక్క ప్యాకెట్ కొని చిన్నవాటికి పంచడమూ అంతే ప్రమాదం.

పరీక్ష ఎగ్గొట్టి డబ్బు మిగల్చడం ఇంకో తప్పు. దోమకాటుతో వచ్చే గుండె పురుగు సంగతే చూడండి. ఇందులో మన భీమవరం కథ ఒకటుంది. అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. బోదకాలుకి వాడే డైఇథైల్‌కార్బమజైన్ 1940లలో ఆయన బృందం ఇచ్చిన మందు. గుండె పురుగు పట్టకుండా తర్వాత చాలా ఏళ్లు కుక్కలకి రోజూ ఇచ్చింది ఆ మందునే. కానీ అప్పటికే పురుగు పట్టి, దాని పిల్లలు రక్తంలో తిరుగుతున్న కుక్కకిస్తే షాక్ తగిలి చచ్చిపోయే ప్రమాదముండేది. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మందు. ఇప్పుడు నెలకోసారి ఇచ్చే మందులొచ్చినా పరీక్ష అవసరం పోలేదు.

అన్నట్టు, లడ్డూ బతుకుతున్న ఈ మందు పుట్టింది కూడా ఒంటారియోలోనే, కుక్కల పుణ్యాన. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ కుక్కల క్లోమాలు తీసేసి, వాటికి చక్కెర జబ్బు తెప్పించి, క్లోమం సారంతో బతికించి చూశారు. వాటిలో మార్జొరీ అనే కుక్క రెండు నెలల పైన బతికింది. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి సూది వేశారు. 1923లో పేటెంటుని బాంటింగ్, బెస్ట్, కాలిప్ తలా ఒక డాలరుకి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ మందు మా నాన్న దాకా వచ్చింది ఆ కుక్కల వల్లే. ఆ ఋణం ఎవరు తీరుస్తారని నాన్ననడిగితే, నవ్వి లడ్డూ చెవులు నిమిరారు.

ఫ్రిజ్‌లో ఇప్పుడు సీసాలు వేర్వేరు డబ్బాల్లో ఉన్నాయి. లడ్డూ డబ్బా మీద ఎర్ర టేపు, దాని మీద పెద్దక్షరాలతో 40. రంగుని నమ్మి ఊరుకోకుండా సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె రెండూ పైకి చదివి గానీ సూది వెయ్యను. మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ.

సెప్టెంబరులో వెళ్లిపోతూ నాన్న తన దగ్గర మిగిలిన ఎర్రమూత సిరంజీలు, సీలు తియ్యని రెండు ప్యాకెట్లు, లడ్డూకి వదిలేశారు. డాక్టరమ్మకి చూపించాను. సీసా అంకె, సిరంజీ అంకె కలిస్తే చాలు, వాడుకోమంది. ఈసారి అడిగే వాడాను.

ఇప్పుడు నాన్న వీడియో కాల్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న, "లడ్డూకి సూది వేశావా?" నా సంగతి ఆ తర్వాతే అడుగుతారు.