మీకు తెలుసా? నిండు బ్యాటరీ గడ్డకట్టదు

పూర్తిగా ఛార్జి చేయబడిన సీస-ఆమ్ల బ్యాటరీలోని ద్రవము సున్నాకు దిగువ 50 సెల్సియస్ డిగ్రీల చలియందును గడ్డకట్టక నిలువగా, ఛార్జి ఉడిగిన అదే బ్యాటరీ సున్నాకు దిగువ 10 డిగ్రీల ప్రాంతముననే మంచుగడ్డయై తన పెట్టెను పగులగొట్టుకొనవచ్చును. విద్యుత్తు వ్యయమగుకొలది గంధకామ్లము సీసపు సల్ఫేటుగా మారి ఫలకములను చేరిపోవ, మిగులునది పలుచని, నీటివంటి ద్రావణమే, 1.265 ఉండవలసిన విశిష్ట గురుత్వము 1.12 సమీపమునకు దిగజారును. కావుననే కెనడా వంటి శీతల దేశములలో చలికాలమున మోటారు గృహమును కదలక నిలిపియుంచువారు, లోపలి దీపములకును నీటి పంపునకును విద్యుత్తునిచ్చు గృహ బ్యాటరీలను ముందుగా నిండుగా ఛార్జిచేసి, పిదప తీగెలు విప్పివేయుదురు. ఏలయన, సమస్తమును ఆర్పివేసితిమని మనమెంత నమ్మినను, వంటవాయువు కారుటను పసికట్టు పరికరము వంటివి కొన్ని రాత్రింబవళ్లు విద్యుత్తును త్రాగుచునే యుండును. విశ్రాంతిలోనున్న 12 వోల్టుల బ్యాటరీ 12.7 చూపినచో నిండినట్లు, 12.0 చూపినచో, ఆ అంకెను చూచి తృప్తిపడరాదు, అది దాదాపు రిక్తమే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల చిక్కు వేరు: సున్నాకు దిగువను అవి విద్యుత్తును ఇచ్చునే కాని, ఆ చలిలో ఛార్జిచేసినచో లోహరూప లిథియం ఋణధ్రువముపై పేరుకొని వానిని శాశ్వతముగా చెరుచును.